జేబు హెడ్‌ఫోన్ యాంప్‌కి ఏ కేబుల్, ఏ కన్వర్టర్?

ఈసారి విశాఖ పాఠకుల ప్రశ్నలన్నీ దాదాపు ఒకే సామాను చుట్టూ తిరిగాయి: ఫోన్‌కీ హెడ్‌ఫోన్స్‌కీ మధ్య పెట్టుకుని సౌండ్‌కి బలం పెంచే చిన్న బ్యాటరీ యాంప్ (యాంప్లిఫయర్). యాంప్ మంచిదే కొన్నారు, ఇబ్బందంతా కేబుల్ దగ్గరే వచ్చింది. పిన్ జాక్‌లోకి దూరినంత మాత్రాన అది సరైన పిన్ అయిపోదు. అటు నుంచి ఏం వస్తోంది, ఇటు ఏం తీసుకుంటోంది అన్నది చూసుకున్నాకే డబ్బు పెట్టాలి.

నా ఫోన్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేదు. టైప్-సీ నుంచి 3.5 ఎంఎం కన్వర్టర్ కొన్నాను. తమ్ముడి ఫోన్‌లో పాట వస్తోంది, నా ఫోన్‌లో రావడం లేదు. కన్వర్టర్ పాడైందా? – పాఠకుడు, ఎంవీపీ కాలనీ

పాడవలేదు. ఈ కన్వర్టర్లు రెండు రకాలు, పైకి మాత్రం ఒకేలా ఉంటాయి. ఒక రకంలో ఉత్త తీగలే ఉంటాయి. ఫోనే టైప్-సీ పోర్టు గుండా అనలాగ్ ఆడియో, అంటే హెడ్‌ఫోన్స్ నేరుగా పలికించగల సిగ్నల్, పంపితే తప్ప అది పలకదు. తమ్ముడి ఫోన్ పంపుతోంది, మీది పంపడం లేదు. రెండో రకంలో ఫోన్ పంపే డిజిటల్ పాటని అనలాగ్‌గా మార్చే చిన్న డాక్ (DAC) చిప్ ఉంటుంది. అది దాదాపు అన్ని ఫోన్లలోనూ పనిచేస్తుంది. ప్యాకెట్ మీద ‘డాక్’ అనో, ‘24 బిట్’ అనో రాసి ఉంటే ఈ రకమే. ఆపిల్ టైప్-సీ కన్వర్టర్‌లో కూడా డాక్ ఉంది కానీ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని సౌండ్ సగానికి పడిపోతుంది.

అయితే ముందు మీ యాంప్‌కి చార్జింగ్‌కే కాక పాట తీసుకోవడానికి కూడా పనికొచ్చే యూఎస్‌బీ ఇన్‌పుట్ ఉందేమో చూడండి. ఉంటే డాక్ దానిలోనే ఉన్నట్టు. ఈ కన్వర్టర్, ఆక్స్ కేబుల్ (రెండు చివర్లా 3.5 పిన్ ఉండేది) రెండూ పక్కన పెట్టి, ఫోన్ నుంచి నేరుగా యూఎస్‌బీ కలపండి. లేకపోతే డాక్ ఉన్న కన్వర్టర్, దానికి 10–15 సెంటీమీటర్ల ఆక్స్ కేబుల్ తీసుకోండి. ఫోన్ వాల్యూమ్ నిండుగా, లేదా ఒక గీత తక్కువగా ఉంచి, హెచ్చుతగ్గులు యాంప్ నాబ్‌తోనే చేయండి. ఫోన్‌లో తగ్గించి యాంప్‌లో పెంచితే పాటతో పాటు బుసబుస కూడా పెరుగుతుంది.

యాంప్‌ని టైప్-సీ టు టైప్-సీ కేబుల్‌తో ఫోన్‌కి కలిపితే యాంప్ చార్జ్ అవుతోంది, పాట మాత్రం ఫోన్ స్పీకర్లోనే వస్తోంది. – పాఠకుడు, గాజువాక

ముందు యాంప్‌కి ఎన్ని పోర్టులున్నాయో చూడండి. కొన్ని మోడళ్లలో చార్జింగ్‌కి ఒకటి, డేటాకి ఒకటి విడివిడిగా ఉంటాయి. చాలామంది చార్జింగ్ దాంట్లో పెట్టి పాట రాలేదంటారు.

పోర్టు సరైనదే అయితే కేబుల్‌ని పరీక్షించండి. అదే కేబుల్‌తో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. ఫోన్‌లోని ఫోటోలు కనిపించకపోతే అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్, లోపల డేటా తీగలే లేవు. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో చాలావాటికి ‘ఓటీజీ కనెక్షన్’ అని, ఫోన్‌కి బయటి యూఎస్‌బీ పరికరాలు కలపడానికి వేరే స్విచ్ ఉంటుంది. ఏమీ కలపకుండా పది నిమిషాలు వదిలేస్తే అది దానంతటదే ఆఫ్ అయిపోతుంది. నిన్న పలికిన యాంప్ ఇవాళ మూగబోవడానికి సాధారణంగా ఇదే కారణం.

ఇవన్నీ బాగున్నా పలకకపోతే, ఎవరు యజమాని (నడిపేది), ఎవరు పరికరం (నడిచేది) అన్న తగువు తేలకపోయి ఉండొచ్చు; యాంప్ అసలు చార్జ్ కూడా కాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. టైప్-సీలో రెండు చివర్లూ ఒకే తీరు కాబట్టి ఆ సంగతి సీసీ అనే పిన్ మీదుండే రెసిస్టర్లు తేలుస్తాయి. పరికరం వైపు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కి (కరెంటు తిరిగి వెళ్లే దారికి) కలిసి ఉండాలి. కొన్ని చౌక యాంప్‌లలో అది ఉండదు. దీనికి మాకు బాగా నమ్మకమైన మార్గం ఒకటుంది: టైప్-సీ పిన్, పాత వెడల్పాటి యూఎస్‌బీ-ఏ సాకెట్ ఉన్న చిన్న ఓటీజీ ముక్క కొనండి. దాన్ని ఫోన్‌కి గుచ్చి, యాంప్‌తో వచ్చిన ఏ టు సీ కేబుల్ దానికి తగిలించండి. ఆ ముక్కలోనే 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి ఫోన్ యజమాని పాత్రలోకి వస్తుంది. అటు యాంప్ పరికరంగా ఉండిపోతుంది. చూడ్డానికి కాస్త పొడుగ్గా వేలాడుతుంది, పని మాత్రం చేస్తుంది.

పాట వస్తున్నా ఫోన్ బ్యాటరీ గబగబా దిగిపోతుంటే యాంప్ దాన్నుంచి చార్జ్ లాగుతోందని అర్థం. కొన్ని యాంప్‌లలో ఆ చార్జింగ్ ఆపే స్విచ్ ఉంటుంది, ఓసారి వెతకండి.

మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్ యాంప్‌కి పెడితే వాయిద్యాలు వినిపిస్తున్నాయి, గాయని గొంతు మాయమైపోతోంది. అదే ఇయర్‌ఫోన్స్ ఫోన్‌కి పెడితే బాగున్నాయి. – పాఠకురాలు, సీతమ్మధార

గ్రౌండ్ తెగింది. ఇయర్‌ఫోన్స్ పిన్‌ని వెలుతురులో తిప్పి చూడండి: మూడు నల్ల గీతలుంటే నాలుగు భాగాలు ఉన్నట్టు. ఇప్పటి ఫోన్లకి వచ్చేవాటిలో కొస నుంచి వరుసగా ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్. యాంప్ జాక్ మూడు భాగాల పిన్ కోసం చేసినది. అందులో గ్రౌండ్ తగలాల్సిన రేకు మీ పిన్‌లోని మైక్ భాగం మీద కూర్చుంటే, ఎడమ కుడి స్పీకర్లకి గ్రౌండ్ అందదు. కరెంటు ఒక చెవిలోంచి రెండో చెవిలోకి పారుతుంది. రెండు వైపులా సమానంగా రికార్డయినవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు సాధారణంగా మధ్యలోనే ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే.

ఖాయం చేసుకోవడానికి పాట వస్తుండగా మైక్ దగ్గరి బటన్ నొక్కి పట్టుకోండి. ఆ బటన్ మైక్‌ని గ్రౌండ్‌కి కలుపుతుంది. గొంతు తిరిగొస్తే మనం అనుకున్నదే. పిన్‌ని ఓ మిల్లీమీటర్ వెనక్కి లాగినా కొన్నిసార్లు సరిపోతుంది కానీ అది నిలవదు. నాలుగు భాగాల సాకెట్, మూడు భాగాల పిన్ ఉన్న చిన్న అడాప్టర్ కొనండి. ‘హెడ్‌ఫోన్, మైక్’ అని రెండు తోకలున్నది దొరికితే హెడ్‌ఫోన్ తోక వాడి, రెండోది వదిలేయండి.

యాంప్‌కి 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ జాక్ ఉంది. దాంట్లో పవర్ ఎక్కువంటున్నారు. నా మామూలు 3.5 హెడ్‌ఫోన్స్‌ని కన్వర్టర్‌తో దానికి పెట్టుకోవచ్చా? – పాఠకుడు, మధురవాడ

వద్దు. ఈ పేజీలో ఒక్కమాటే గుర్తు పెట్టుకుంటానంటే ఇదే గుర్తు పెట్టుకోండి. ఆ కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

బ్యాలెన్స్‌డ్ జాక్‌లో ఎడమ మైనస్, కుడి మైనస్ ఉత్త గ్రౌండ్ కావు. వాటి వెనుక కూడా ఒక్కో యాంప్లిఫయర్ పనిచేస్తూ ఉంటుంది. మీ 3.5 పిన్‌లో రెండు మైనస్‌లూ ఒకే ముక్కకి కలిసి ఉంటాయి. దాన్ని 4.4లో పెడితే ఆ రెండు యాంప్లిఫయర్లు ఒకదానికొకటి షార్ట్ అవుతాయి. అదృష్టం బాగుంటే యాంప్ రక్షణ కోసం ఆగిపోతుంది, లేదంటే వేడెక్కి చిప్ పోతుంది.

తిరగేసి వాడితే ఏ ప్రమాదమూ లేదు: 4.4 పిన్ ఉన్న హెడ్‌ఫోన్స్‌ని కన్వర్టర్‌తో 3.5 జాక్‌కి పెట్టుకోవచ్చు. 2.5 ఎంఎం బ్యాలెన్స్‌డ్ పిన్ నుంచి 4.4కి కూడా ఫరవాలేదు, రెండూ బ్యాలెన్స్‌డ్ కాబట్టి. 2.5 పిన్ సన్నం, వంకరపోతే విరుగుతుంది. కొత్తగా కొనేవాళ్లకి 4.4 మేలు.

మీ హెడ్‌ఫోన్స్ కేబుల్ ఊడదీసి మార్చుకునే రకమైతే 4.4 కేబులే విడిగా కొనుక్కోవచ్చు. వచ్చాక హెడ్‌ఫోన్స్‌కి తగిలించకముందే మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి చూడండి. కొస నుంచి వరుసగా ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్, చివర గ్రౌండ్. రెండో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య బీప్ వస్తే లోపల కలిపేసి అమ్మారన్నమాట, వెనక్కి పంపేయండి.

అరకు రైల్లో వింటుంటే మధ్యమధ్యలో ‘టిర్ర్’మని శబ్దం వస్తోంది. ఇంట్లో రాదు. – పాఠకుడు, గోపాలపట్నం

సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ తన ప్రసార శక్తి పెంచుతుంది. ఘాట్‌లో, సొరంగాల దగ్గర జరిగేది అదే. యాంప్‌ని ఫోన్ వీపుకి రబ్బరు బ్యాండ్లతో కట్టి ఉంటే ఆక్స్ కేబుల్ ఆ ప్రసారాన్ని పట్టేస్తుంది. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెడితే శబ్దం పోతుంది. కాల్స్ కావాలంటే షీల్డ్ ఉన్న పొట్టి కేబుల్ వాడి, ఫోన్‌ని, యాంప్‌ని ఒక జానెడు దూరంగా ఉంచండి. ఎల్ ఆకారపు పిన్నులు తీసుకోండి, జేబులో వంగి జాక్ వదులవదు.

పవర్ బ్యాంక్ పెట్టి వింటున్నప్పుడు మాత్రమే గుయ్‌మంటుంటే కారణం వేరు. అప్పుడు చార్జింగ్ తీసేసి వినండి.

వెండి కేబుల్ వేస్తే సౌండ్ మారుతుందా? – పాఠకుడు, అక్కయ్యపాలెం

15 సెంటీమీటర్లలో మారదు. యూఎస్‌బీ కేబుల్‌లో అసలే మారదు: 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్ అనే మేలురకం స్టీరియోకి సెకనుకి 4.6 మెగాబిట్లు చాలు, మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ 480 మెగాబిట్లు మోస్తుంది. ఆ డబ్బు హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి.

భీమిలిలో బీచ్‌కి దగ్గరగా ఉంటాం. పిన్నులు నల్లబడుతున్నాయి, నాబ్ తిప్పకపోయినా కరకర వస్తోంది. కేబుల్ తీగ కూడా లోపల పచ్చబడింది. – పాఠకురాలు, భీమునిపట్నం

ఉప్పుగాలి, తేమ కలిసి చేసే పని. నికెల్ పూత పిన్నులు ముందు పాడవుతాయి. బంగారు పూత ఉన్నవి ఎక్కువ కాలం నిలుస్తాయి కానీ పూత మరీ పలచనైతే అవీ అంతే.

యాంప్ ఆఫ్ చేసి, అన్నీ ఊడదీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతంది తీసుకోండి, 70 శాతం దాంట్లో నీళ్లుంటాయి. నూలు రాలని గుడ్డ తడిపి పిన్ తుడవండి. గుడ్డకి నలుపు అంటడం ఆగేవరకు తుడవాలి. జాక్ లోపలికి పుల్లలు పెట్టకండి. పిన్‌నే కాస్త తడిపి జాక్‌లో పెట్టి, పదిసార్లు అటూ ఇటూ తిప్పి తీయండి. పది నిమిషాలు ఆరాక ఆన్ చేయండి. గరుకు కాగితం పెట్టి రుద్దితే పూతే పోతుంది, మళ్లీ నెలకే నల్లబడుతుంది. కొబ్బరినూనె కూడా వద్దు, దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది.

తీగ పచ్చబడటం రాగి మీద పట్టిన తుప్పు. పారదర్శక తొడుగులో ఉంది కాబట్టి కనిపిస్తోంది. పాట తెగకుండా వస్తున్నంతకాలం దాన్ని మార్చక్కర్లేదు. వాడనప్పుడు యాంప్, కేబుళ్లు మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. రంగు మారే గింజలున్న రకం కొంటే అవి తేమ పీల్చేసుకున్న సంగతి చూడగానే తెలుస్తుంది, అప్పుడు పొట్లాలు మార్చేయండి.