సముద్రం దాటడానికి తొందరపడకు

చి.ల.సౌ. అమ్మాయికి అత్తయ్య దీవెనలు.

నువ్వు పంపిన వంశవృక్షం ఫొటోను పెద్దది చేసి రెండుసార్లు చూశాను. మీ అత్తగారు ఎంత ముచ్చటపడి రాసుకున్నారో! కింద నీ కొడుకు, పైన 1635లో బోస్టన్‌లో ఓడ దిగిన పెద్దమనిషి, ఆయన నెత్తిన ఇంగ్లండులో ఒక నైటు (రాజుగారి బిరుదు పొందినవాడు), ఆ పైన సింహం బొమ్మ ఉన్న డాలు. వాళ్ల యాభయ్యో పెళ్లిరోజుకు దీన్ని సరిచూసి పుస్తకంగా కుట్టించి ఇస్తానని మాట ఇచ్చావట. ఇచ్చేముందు నన్ను అడగాల్సింది. ముప్పై ఏళ్లు మసాచుసెట్స్ లైబ్రరీలో ఇలాంటి చెట్ల కింద కూర్చున్నదాన్ని.

ముందు ఆ సింహాన్ని పక్కన పెట్టు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుస్తావ్ ఆంజూ అనే ఆయన డబ్బున్న అమెరికన్లకు వంశావళులు తయారుచేసి అమ్మాడు. నిజమైన పత్రాల మధ్యలో కల్పించినవి కలిపేవాడు, అందుకే పట్టుకోవడం కష్టం. ఆ సరుకు ఇప్పటికీ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకుతూనే ఉంది. మీ అత్తగారి నైటు ఆ బాపతేనని అనను. పత్రం కనబడేదాకా ఆయనకు కుర్చీ వేయవద్దంటున్నాను, అంతే.

పని కింద నుంచి మొదలుపెట్టు. మన ఇళ్లలో తద్దినానికి మూడు తరాల పేర్లు చెబుతాం, నాలుగోది అడిగితే తెల్లమొహం వేస్తాం. న్యూ ఇంగ్లండులో, అంటే బోస్టన్ చుట్టుపక్కల రాష్ట్రాల్లో, నీ అదృష్టం ఏమిటంటే ఊళ్ల పుస్తకాల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు మొదటినుంచీ చాలావరకు రాసి ఉంచారు. మసాచుసెట్స్‌లో చాలా ఊళ్లవి 1850 దాకా అచ్చయ్యాయి కూడా. ప్రతి తరానికీ, ఫలానావాడు ఫలానావాడి కొడుకు అని చెప్పే కాగితం ఒకటి చేతిలో ఉండాలి. పేరు కలిసింది, ఊరు కలిసింది అని మురిసిపోకు. నేను అలాగే మురిసి మునిగాను. పొరుగావిడ కోసం వెతుకుతుంటే ఒకే ఊళ్లో ఒకే పేరుతో ‘సీనియర్’, ‘జూనియర్’ కనబడ్డారు. తండ్రీకొడుకులనుకుని కలిపేశాను. ఆ రోజుల్లో ఆ మాటలకు ఊళ్లో పెద్దవాడు, చిన్నవాడు అనే అర్థం, చుట్టరికం లేకపోయినా సరే. ఏడాదిన్నర తర్వాత ఒక భూమి అమ్మకం దస్తావేజు అడుగున పెద్దవాడి భార్య పెట్టిన గుర్తు చూశాను. సంతకం రాని మనిషి, వంకర గీత ఒకటి గీసింది. దాని పక్కన ఆవిడ పేరు రాసి ఉంది. జూనియర్‌కు నేను తల్లిగా రాసిన పేరు అది కాదు.

చుట్టరికాల మాటలు కూడా నమ్మవద్దు. మనకు బాబాయి వేరు, మేనమామ వేరు. వాళ్లకు ఇద్దరూ అంకుల్సే. పదిహేడో శతాబ్దంలో ‘మదర్ ఇన్ లా’ అంటే సవతి తల్లి కూడా కావచ్చు, ‘కజిన్’ అంటే మేనల్లుడూ కావచ్చు.

తేదీల సంగతి నీకు సులువుగానే అర్థమవుతుంది. మనకు ఉగాదికి సంవత్సరం మారినట్టు వాళ్లకు 1752కు ముందు మార్చి 25న మారేది. ఫిబ్రవరి ఏడాది చివర్లో పడేది, అందుకే 1641 ఫిబ్రవరిలో పుట్టినవాడి అన్న అదే 1641 ఏప్రిల్‌లో పుట్టి ఉంటాడు. నువ్వు కంగారుపడి ఒకరి పేరు కొట్టేస్తావు. మొదటి నెల అని రాస్తే మార్చి. ‘7బెర్’ అని ఉంటే జులై కాదు, మార్చి నుంచి లెక్కపెడితే ఏడోదైన సెప్టెంబరు.

ఇక సముద్రం దగ్గరికి వచ్చాం. 1620, 1640 మధ్య ఇరవై వేలమంది దాకా న్యూ ఇంగ్లండుకు వచ్చారు. 1635లో లండన్ నుంచి బయలుదేరినవాళ్ల జాబితా మిగిలింది కానీ చాలా ఓడలకు అలాంటిదేమీ లేదు. బోస్టన్‌లో 1845 నుంచి ఉన్న వంశచరిత్ర సంఘం రాబర్ట్ చార్లెస్ ఆండర్సన్ అనే వంశచరిత్రకారుడి చేత ఈ తొలి వలసదారుల మీద సంపుటాలు రాయించింది. మీ ఓడ దిగిన పెద్దమనిషి పేరు ముందు అందులో చూడు. ఎక్కడినుంచి వచ్చాడు అన్న చోట చాలామందికి ‘తెలియదు’ అని ఉంటుంది. అంత పని చేసినాయన ఆ మాట రాయగలిగినందుకు నేను దండం పెడతాను.

జాన్ హార్వర్డ్ సంగతే చూడు. వచ్చి ఏడాది తిరిగిందో లేదో, 1638 సెప్టెంబరులో చార్లెస్‌టౌన్‌లో క్షయతో పోయాడు. ఆస్తిలో సగం, నాలుగు వందల పుస్తకాలు కొత్త కాలేజీకి ఇచ్చాడు. కాలేజీకి ఆయన పేరు పెట్టారు. 1884లో కంచు విగ్రహం నిలబెట్టారు, ముఖం ఎవరికీ తెలియక ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి చేశారు. ఇంత పేరున్నవాడు ఎవరి కొడుకో రెండున్నర శతాబ్దాలపాటు తేలలేదు! 1885లో హెన్రీ వాటర్స్ అనే ఆయన లండన్‌లో పాత వీలునామాలు తిరగేసి తేల్చాడు. తండ్రి లండన్ పక్కనే ఉన్న సదక్ (Southwark)లో మాంసం కొట్టు నడిపిన రాబర్ట్. 1625 ప్లేగులో ఆయనా, పిల్లల్లో చాలామందీ పోయారు. తల్లి కేథరిన్ మరో రెండు పెళ్లిళ్లు చేసుకుంది. అందుకే ఆవిడ వీలునామా హార్వర్డ్ పేరు మీద లేదు, యియర్‌వుడ్ పేరు మీద ఉంది. 1607 నవంబరు 29న చర్చి రిజిస్టరులో కొడుకు బాప్తిస్మం కూడా ‘హార్వై’ అనే రాశారు. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికేవాడికి ఇందులో ఏదీ దొరకదు. కేథరిన్ పుట్టిల్లు షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో, ఆవిడ తండ్రి 1596లో కట్టించుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. (అన్నట్టు, జాన్ హార్వర్డ్‌కు పిల్లలు లేరు. వంశస్థులమని ఎవరైనా చెబితే కాఫీ ఇచ్చి పంపించు.)

కాబట్టి ఆడవాళ్ల పుట్టిళ్లు వెతుకు. వీలునామాకు సాక్షులెవరు, చచ్చిపోయాక ఇనుప కుండలూ ఈకల పరుపూ లెక్కపెట్టి వెలకట్టిన పొరుగువాళ్లెవరు, అవన్నీ రాసుకో. జనం ఊళ్లు ఊళ్లుగా వచ్చారు. నార్ఫోక్‌లోని హింగమ్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కట్టుకున్న ఊరికి కూడా హింగమ్ అనే పేరు పెట్టుకున్నారు, అబ్రహాం లింకన్ పూర్వీకుడు శామ్యూల్ వాళ్లలోవాడే. మీవాడి ఊరు తెలియకపోయినా పక్కింటివాడి ఊరు తెలిస్తే అక్కడి చర్చి రిజిస్టరు తెరువు. ఇంగ్లండులో అవి 1538 నుంచి మొదలయ్యాయి, అన్నీ మిగల్లేదు. ఆ రాత చూసి భయపడకు. ‘హెచ్’ తోక గీత కిందికి దిగుతుంది, ‘ఈ’ వెనక్కి తిరిగి ఉంటుంది. రోజూ పావుగంట చూస్తే నెలలో కళ్లు అలవాటుపడతాయి.

మీ అత్తగారితో నైటు గురించి ఇప్పుడే ఏమీ అనకు. శనివారం ఫోను చేస్తాను. ఈలోగా వాళ్ల కుటుంబ బైబిలు మొదటి పేజీలకు, చివరి పేజీలకు ఫొటోలు తీసి పంపు. అలాగే ఆవిడ అమ్మమ్మ పుట్టింటి పేరు కనుక్కుని ఉంచు. చెట్టులో ఆ చోటు ఖాళీగా ఉంది.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య