జంట పదాలు పరీక్షలో తారుమారవుతుంటే

ప్రశ్న: మాది కావలి. బీకాం ఫైనలియర్. ఇంటర్ వరకు తెలుగు మీడియం. ఎస్సెస్సీ సీజీఎల్‌కు (డిగ్రీ అర్హతతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష) చదువుతున్నాను. అఫెక్ట్-ఎఫెక్ట్, రెండు రకాల ప్రిన్సిపల్, లూస్-లూజ్ వంటి జంటల జాబితాను ఎన్నిసార్లు చదివినా మాక్ టెస్టులో ఒకదాని బదులు ఒకటి పెడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ జాబితాను పక్కన పెట్టండి. మీ జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు, చదివే పద్ధతే మారాలి. ఒకేలా కనిపించే రెండు మాటల్ని ఒకేరోజు పక్కపక్కన చదివితే రెండూ కలిసి గుర్తుంటాయి గానీ, ఏ అర్థం దేనిదో గుర్తుండదు. ఎక్కువగా వాడే మాటను ముందు విడిగా నేర్చుకోండి. అది తడుముకోకుండా వచ్చాక, మూడు నాలుగు రోజులు ఆగి రెండోది మొదలుపెట్టండి. రెండూ కలిపి ఖాళీలు పూరించడం ఆ తర్వాతే.

తెలుగు అర్థం ఒక్కటే రాసుకున్నా చిక్కే. ‘ప్రభావం’ అని రాసుకుంటే అఫెక్ట్‌కూ ఎఫెక్ట్‌కూ సరిపోతుంది. వాక్యంలో ఆ మాట చేసే పని రాసుకోండి. అఫెక్ట్ క్రియ: ‘ది సైక్లోన్ అఫెక్టెడ్ ది క్రాప్’. ఎఫెక్ట్ నామవాచకం: ‘ది ఎఫెక్ట్ ఆఫ్ ది సైక్లోన్’. ఖాళీకి ముందు ది, ఏన్, నో ఉంటే ఎఫెక్ట్. విల్, మే, కెన్ ఉంటే దాదాపు ఎప్పుడూ అఫెక్ట్. దాదాపు అనడానికి కారణం, ‘తీసుకురావడం’ అనే అర్థంలో ఎఫెక్ట్ కూడా అరుదుగా క్రియ అవుతుంది: ‘ఎఫెక్ట్ ఎ చేంజ్’. దీన్ని చివర్లో చదువుకోండి, ఇప్పుడే కలపొద్దు.

ప్రిన్సిపల్ బీకాం వాళ్లకు తేలిక. వడ్డీ లెక్కల్లో అసలు, కాలేజీ ప్రిన్సిపల్, ‘ముఖ్యమైన’ అనే విశేషణం, ఈ మూడింటికీ చివర పీ ఏ ఎల్. సూత్రం, నియమం అన్నప్పుడు మాత్రం పీ ఎల్ ఈ. అకౌంటింగ్ సూత్రాలు ఈ రెండో రకం.

లూజ్ దగ్గర మన వాడుకే అడ్డం తిరుగుతుంది. చొక్కా ‘లూజు’ అంటాం. ఇంగ్లిష్‌లో వదులు అనే మాటకు రెండు ‘ఓ’లు, పలికేది లూస్ అని. పోగొట్టుకోవడానికి ఒకే ‘ఓ’, చివర జెడ్ ధ్వని. అంటే మనం సరిగ్గా తలకిందులుగా పలుకుతున్నాం. అడ్వైస్ కూడా అంతే: సలహాకు చివర ‘స’ ధ్వని, సలహా ఇవ్వడానికి జెడ్ ధ్వని. ఆ ధ్వనికి మన లిపిలో విడి అక్షరం లేదు, కనుక ఉచ్చారణను తెలుగులో రాసుకుని బట్టీ పట్టొద్దు. ఆన్‌లైన్‌లో కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలు ఉచితంగా దొరుకుతాయి. స్పీకర్ గుర్తు నొక్కి వినండి, పైకి పలకండి.

కొన్ని జంటల్లో తెలుగే మీకు అండ. ధర పెరిగితే రైజ్, ఎవరైనా పెంచితే రెయిజ్. బ్యాంకును దోచుకుంటే రాబ్, అందులో డబ్బు దొంగిలిస్తే స్టీల్. అప్పు తీసుకుంటే బారో, ఇస్తే లెండ్. పుస్తకం బల్లమీద ఉంటే లై, బల్లమీద పెడితే లే. ఈ చివరి జంటలో ఓ మెలిక ఉంది: లైకి భూతకాలం కూడా ‘లే’నే. లేకు భూతకాలం ‘లెయిడ్’. ఈ జంటకు మాత్రం రూపాలన్నీ రాసుకోక తప్పదు.

ఎకనామిక్ (ఆర్థిక), ఎకనామికల్ (పొదుపైన), ఇండస్ట్రియల్ (పారిశ్రామిక), ఇండస్ట్రియస్ (కష్టపడే) లాంటివాటిని పక్కన వచ్చే మాటతో కలిపి నేర్చుకుంటే చాలు: ఎకనామిక్ గ్రోత్, ఎకనామికల్ కార్.

నోటుబుక్కులో మాటకు నాలుగు వరుసలు ఇవ్వండి: స్పెల్లింగ్, వాక్యంలో పని, పక్కన వచ్చే మాటలు, మీ సొంత వాక్యం. కృష్ణపట్నం పోర్టు, చీమకుర్తి గ్రానైట్, రొయ్యల చెరువు, మీకు తెలిసిన దేనిమీదైనా సరే, వాక్యం మీరే రాయాలి. రోజుకు నాలుగు మాటలు మించొద్దు. మాక్‌లో తప్పుపోయిన జంటను మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ చూడండి.

ఇది పరీక్షతో పోయే పని కాదు. ఎగుమతి ఆఫీసులో చేరి ‘వి యాక్సెప్ట్ యువర్ ఆర్డర్’ అని రాయాల్సిన చోట ‘ఎక్సెప్ట్’ పెడితే, అది కూడా సరైన స్పెల్లింగే గనుక కంప్యూటర్‌లోని స్పెల్‌చెక్ పట్టుకోకపోవచ్చు. ఆర్డరు ఒప్పుకుంటున్నట్టు అర్థమే రాదు.

సీజీఎల్ టైర్-2లో (రెండో దశ పరీక్షలో) ఇంగ్లిష్‌కు 45 ప్రశ్నలు, 135 మార్కులు. అంటే ఒప్పుకు 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియక గుడ్డిగా పెడితే సగటున మిగిలేది సున్నా. ఖాళీ నామవాచకానిదా క్రియదా అని చూసి రెండింటిని కొట్టేయగలిగితే, మిగతా రెండింట్లో ఒకటి పెట్టినా ప్రశ్నకు సగటున 1 మార్కు లాభం. అలాంటి ప్రశ్నను వదిలేయకండి.