ఫ్రాంచైజీ తీసుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు గుంటూరులో బేకరీ ఫ్రాంచైజీ తీసుకోబోతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పగానే ఎంతో గర్వపడ్డాను. వచ్చే వారమే అగ్రిమెంటు మీద సంతకమన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫుడ్ లైసెన్సు, జీఎస్టీ, షాపు అద్దె కాగితాలు మీ ఆడిటరు చూసుకుంటారు. నా దిగులంతా నీ ఏరియా ఎంతవరకో రాసే ఆ ఒక్క పేరా గురించే.

మీ నాన్న ఐస్‌క్రీం పార్లరు ఎందుకు మూసేశారో నీకెవరూ చెప్పి ఉండరు. బ్రాడీపేటలో మరెవరికీ ఫ్రాంచైజీ ఇవ్వబోమని కంపెనీ రాసిచ్చింది, ఆ మాట తప్పలేదు కూడా. అయితే దగ్గర్లోని లక్ష్మీపురంలో తానే సొంతంగా షాపు తెరిచింది. అది చాలదన్నట్టు అవే డబ్బాలను మీ నాన్న వీధిలోని సూపర్‌మార్కెట్‌కు తక్కువ ధరకు పంపింది. లక్ష్మీపురం బ్రాడీపేట కాదు, కంపెనీ సొంత షాపు ఫ్రాంచైజీ కాదు, సూపర్‌మార్కెట్ పార్లరే కాదు. లాయరు అగ్రిమెంటు రెండుసార్లు చదివి, కంపెనీ ఉల్లంఘించిన షరతు ఒక్కటీ లేదని చెప్పి కాగితాలు తిరిగి ఇచ్చేశారు. కంపెనీ పేరు వాడుకున్నందుకు కట్టే రాయల్టీకి నెలవారీ కనీస మొత్తం రాసి ఉండడంతో, అమ్మకాలు సగానికి పడిపోయినా అది కట్టక తప్పలేదు. మీ అమ్మ గాజులు ఆ బాకీకే పోయాయి. మీ నాన్న తెలివితక్కువవారు కారమ్మా. "మీ ఏరియా మీదే సార్" అని కంపెనీ మనిషి నోటితో అన్నది కాగితంలోనూ ఉందనుకున్నారు, అంతే.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఇచ్చే పత్రంలో ఏరియా హక్కుల సంగతి విడిగా చెప్పి తీరాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 2002 నాటి కాంపిటీషన్ చట్టాన్ని ఆశ్రయిద్దామన్నా, మార్కెట్‌లో పోటీకే గణనీయమైన హాని జరిగిందని చూపాలి. ఒక్క షాపు నష్టం అందుకు చాలదు. కాబట్టి నీకు రక్షణ ఆ అగ్రిమెంటే.

పేట పేరుతో సరిపెట్టుకోకుండా రోడ్ల హద్దులతో మ్యాపు గీయించి అగ్రిమెంటుకు జతచేయించు. ఆ హద్దుల్లో కంపెనీ సొంత షాపులు, మాల్ కౌంటర్లు, సూపర్‌మార్కెట్ సరఫరా, రేపు వాళ్లు కొనబోయే మరో బ్రాండు కూడా ఉండకూడదని విడివిడిగా రాయించు. ఈ రోజుల్లో స్విగ్గీ, జొమాటో ఆర్డర్లది మరీ పెద్ద సమస్య: పక్క ఏరియా షాపు నీ వీధికి డెలివరీ చేస్తే ఆ అమ్మకం ఎవరి లెక్కలోకి వస్తుందో తేల్చకుండా సంతకం పెట్టకు. టార్గెట్ అందుకోకపోతే ఏరియా హక్కు రద్దవుతుందన్న వాక్యం చివరి పేజీల్లో ఎక్కడైనా ఉందేమో వెతుకు. ఉంటే, మొదటి రెండేళ్లూ అది వర్తించదని రాయించు.

పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు నిన్ను కూడా కట్టేస్తుంది. ఒప్పందం నడుస్తున్నంత కాలం అలాంటి షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా కేసులో చెప్పింది. ఒప్పందం ముగిశాక వేసే నిషేధం 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ముందు సాధారణంగా నిలవదు. అలాగని ధీమాగా ఉండకు, కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నీకుండాలి కదా. ఆ నిషేధాన్ని ఇప్పుడే కొట్టేయించు.

అడ్వాన్సు కట్టకముందే ముసాయిదా నాకు పంపు, మీ నాన్నకూ చూపించు. ఆయన ఆ పేరాను నాకంటే జాగ్రత్తగా చదువుతారు.

మీ మామయ్య