బ్రేకు పైపుల పని మాన్పించకండి, దానికో సర్టిఫికెట్ తోడు చేయండి

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్‌లో లెక్కలు తప్పి, మళ్లీ రాయనన్నాడు. ఏడాదిగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీల షెడ్డులో చేస్తున్నాడు. ఈమధ్య మేస్త్రి వాడికి బ్రేకు హోస్ పైపులు చూసి మార్చే పని అప్పగించారు. రోజంతా పైపులు మార్చుకుంటూ ఉంటే ఏం పైకొస్తాడు? పైగా రేపు ఏ లారీకైనా ప్రమాదం జరిగితే నింద వీడి మీద పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించి, ఇంటర్ కట్టించి డిగ్రీలో చేర్చమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక తల్లి, గుడివాడ

జవాబు: అమ్మా, మాన్పించకండి. కొత్తగా చేరిన కుర్రాళ్లకు షెడ్డులో బండి కడగడం, గ్రీజు కొట్టడం, పానాలు అందించడమే పని. బ్రేకుల జోలికి రానివ్వరు. ఏడాదికే మేస్త్రి ఆ పని చేతికిచ్చారంటే మీ వాడి మీద గురి కుదిరిందనే అర్థం. అయితే వాడు నిజంగా నేర్చుకుంటున్నాడా, లేక చెప్పిన పైపు విప్పి కొత్తది బిగిస్తున్నాడా అన్నది మీరు తెలుసుకోవాలి.

లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, ఆ గాలి వెళ్లేది ఈ పైపుల్లోనే. ఈసారి ఇంటికొచ్చినప్పుడు అన్నం పెడుతూ అడగండి: "బ్రేకుల గాలి దిగిపోతోందని లారీ వస్తే ముందు ఏం చూస్తావురా?" "పైపు మార్చేస్తా" అన్నాడంటే ఇంకా హెల్పరే. "ట్యాంకుల్లో గాలి నిండనిచ్చి, ఇంజన్ ఆపి మీటరు చూస్తా. పెడలు తొక్కకుండానే ముల్లు పడిపోతుంటే లీకు ట్యాంకుల వైపు లైన్లలో వెతుకుతా. తొక్కినప్పుడే పడుతుంటే పెడల్ వాల్వు దాటాక చక్రాలకు వెళ్లే పైపులు, చక్రాల దగ్గర గాలి ఒత్తిడితో బ్రేకును నొక్కే బూస్టర్లు, వాటిలోని డయాఫ్రమ్ అనే రబ్బరు పొరలు చూస్తా. అనుమానం ఉన్నచోట సబ్బునీళ్లు కొడితే బుడగలు వస్తాయి" అని చెప్పాడంటే మెకానిక్ అవుతున్నట్టే.

ఇంకో ప్రశ్న కూడా అడగండి. లీకు లేదు, బుస్సుమనే చప్పుడు లేదు, కానీ ఒక్క చక్రం బ్రేకు డ్రమ్ము మాత్రం కాలిపోతోంది. ఎందుకు? కారణాలు చాలానే ఉండొచ్చు. బ్రేకు బిగువును సరిచేసే స్లాక్ అడ్జస్టర్ మరీ బిగుసుకుని ఉండొచ్చు, బ్రేకును వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగు విరిగి ఉండొచ్చు. చాలామందికి తట్టనిది హోస్ పైపు. పైకి కొత్తదానిలా కనిపిస్తూనే లోపలి రబ్బరు పొర ఊడి నాలుకలా వేలాడుతుంటుంది. పెడలు తొక్కితే గాలి దాన్ని తోసుకుని వెళ్తుంది, వదిలాక వెనక్కి రానివ్వదు. మిగతా బూస్టర్ల రాడ్లు టక్కున వెనక్కొస్తే ఇదొక్కటే నెమ్మదిగా వస్తుంది. పైపు సంగతి చూడకుండా డ్రమ్మును ఒరుసుకునే బ్రేకు లైనర్లు మార్చి పంపితే ఆ లారీ అదే కంప్లైంటుతో తిరిగొస్తుంది. పైపు విప్పి లోపల చూడాలని తోచినవాడికి ఏ షెడ్డులోనైనా విలువుంటుంది. అలాగే కొత్త పైపు మళ్లీ అదే చోట పగిలితే, అది ఛాసిస్‌కో టైరుకో రాసుకుంటోందని, లేదా మెలిపడిందని వెంటనే అనుమానం రావాలి. ముందు చక్రాల పైపు బిగించాక స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడటం మీ వాడికి అలవాటు కావాలి.

ఇక మీ భయం విషయం. నింద కంటే ముందు వాడి ఒంటి గురించి అడగండి. లారీ గాలి ట్యాంకుల్లో ఒత్తిడి 7, 8 బార్ల దాకా ఉంటుంది. అంటే కారు టైరులోని దానికి మూడు రెట్ల పైమాటే. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు చెక్కలు వేసి, గాలి మొత్తం వదిలాకే పైపు మీద పానా పెట్టాలి. వెనక చక్రాల దగ్గరుండే స్ప్రింగ్ బూస్టర్‌ను మాత్రం విప్పబోకూడదు. గాలి లేకపోయినా లోపల బలమైన స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. క్లాంపు తీస్తే ప్రాణాలు తీసేంత వేగంతో ఎగిరివస్తుంది. ఈ జాగ్రత్తలు పాటించని షెడ్డయితే పని మాన్పించనక్కర్లేదు, షెడ్డు మార్పించండి.

నింద రాకుండా ఉండాలంటే రెండు పనులు చేయమనండి. పగిలిన పైపుకు ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగించి పంపమని, లోడు అర్జంటని డ్రైవర్లు బతిమాలతారు. ఎంత బతిమాలినా బ్రేకు పైపుకు అతుకు వేయకూడదు. తీసినంత పొడవు, అదే రకం కొత్త పైపు వేయాల్సిందే. రెండోది, లారీ నంబరు, తేదీ, ఏం మార్చాడు, మార్చాక లీకు చూశాడా అన్నది నోటుబుక్కులో రాసుకోవాలి.

చదువు సంగతికొస్తే, లెక్కలంటే విసిగిపోయిన కుర్రాణ్ణి డిగ్రీకి తోయడం నాకు నచ్చలేదు. పది పాసయ్యాడు కాబట్టి ఐటీఐలో చేరొచ్చు. డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, మోటార్ మెకానిక్ రెండేళ్లు. నా ఓటు రెండేళ్లదానికే. ఆ తర్వాత పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే దారి కూడా తెరుచుకుంటుంది. సెలవుల్లో షెడ్డుకు వెళ్లమనండి, చేతి పని పోదు. ఐటీఐ అయ్యాక ఆర్టీసీ డిపోల్లో అప్రెంటిస్‌గా చేరొచ్చు. అది ఉద్యోగానికి హామీ కాదని ముందే తెలుసుకోండి. కానీ ఆ సర్టిఫికెట్ ఉంటే లారీ కంపెనీల సర్వీసు సెంటర్లలోనూ, మల్లవల్లిలో అశోక్ లేలాండ్ 2025లో తెరిచిన బస్సుల ప్లాంటు లాంటి చోట్లా అప్లై చేసుకోవచ్చు. కరెంటు బస్సులొస్తే ఈ పని పోతుందేమోనన్న దిగులు వద్దు. వాటిలోనూ ఉండేది గాలి బ్రేకులే, కంప్రెసర్ మాత్రం మోటారుతో తిరుగుతుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2015 నుంచి కొత్త లారీలకు తప్పనిసరి అయింది కాబట్టి సెన్సర్లు, వైరింగు కూడా నేర్చుకోవాలి. షెడ్లలో ఈ పని వచ్చినవాళ్లు తక్కువ.

మీ వాడికి పట్టుదల ఉంటే ఇంకా పైకి వెళ్లే దారి ఉంది. ఆటోమొబైల్ డిప్లొమా పూర్తిచేసి, హెవీ లైసెన్సు ఉంటే అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్, మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటామే, ఆ పోస్టుకు పోటీ పడొచ్చు. అనుభవం, వయసు నిబంధనలు ఆ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. 20 ఏళ్లు నిండితేగానీ హెవీ లైసెన్సు రాదు, అంతకు ముందు ఏడాది పాటు కారు లైసెన్సు ఉండాలి. అందుకే ఇప్పుడే కారు లైసెన్సు తీయించండి. ఐటీఐ సీట్లు పది మార్కుల మెరిట్ మీద ఇస్తారు, నోటిఫికేషన్ వేసవిలో పది ఫలితాల తర్వాత వస్తుంది. పది మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ ఇప్పుడే ఒకచోట పెట్టి, వాటన్నిట్లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి.