నిద్ర పాడుచేస్తున్న ఉద్యోగం: ఉండాలా, మానాలా?

ప్రశ్న: మా అమ్మాయి గచ్చిబౌలిలో ఓ ఐటీ కంపెనీలో చేరి ఎనిమిది నెలలైంది. రాత్రి పదకొండింటికీ ఆఫీసు ఫోన్లే. నిద్ర లేదు, మానేస్తానంటోంది. ఏడాదైనా పూర్తిచెయ్యమంటున్నాం. మేం చెప్పేది సరైనదేనా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఏడాది లెక్క పక్కన పెట్టండి. పని ఎక్కువైందా, ఆఫీసు నడిచే తీరే చెడిందా అన్నది ముందు తేలాలి. సాఫ్ట్‌వేర్ రిలీజు ముందు రెండు వారాల హడావిడి దానంతటదే తగ్గుతుంది. పొద్దున చెప్పిన పని సాయంత్రానికి మార్చడం, ఇద్దరు లీడ్‌లు చెరోలా చెప్పడం, తప్పు జరిగితే మీటింగులో అందరిముందు జూనియర్లను అనడం మాత్రం తగ్గవు. పని భారం ఎక్కువగా ఉండి, దానిమీద తన నిర్ణయం ఏమీ చెల్లనప్పుడే మనిషి బాగా నలిగిపోతాడని ఉద్యోగ ఒత్తిడిని పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పారు.

దీనివల్ల కంపెనీకీ నష్టమే. విసిగి ఇద్దరు మానేస్తే వాళ్ల పని మిగతావాళ్ల మీద పడుతుంది. తొందరలో తప్పులు, వాటిని దిద్దడానికి మళ్లీ రాత్రిళ్లు, ఆపైన మరిన్ని రాజీనామాలు. యోగా క్లాసు పెట్టినంత మాత్రాన ఇది ఆగదు. ఏడాదిలో టీమ్ నుంచి ఎంతమంది వెళ్లారో అడగండి. పదిమందిలో నలుగురు వెళ్లిపోయి ఉంటే లోపం మీ అమ్మాయిలో వెతకకండి.

రెండు వారాలపాటు లాగిన్, లాగౌట్ సమయాలు, రాత్రి కాల్స్, పని ఎన్నిసార్లు మారిందీ రాసుకోమనండి. 35–40 గంటలు పనిచేసేవాళ్లకంటే వారానికి 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 2021లో లెక్కగట్టాయి. రాసుకున్న ఆ కాగితంతో మేనేజర్ దగ్గరికెళ్లి, "ఈ పనుల్లో ఏది ముందు, ఏది ఆపాలి?" అని అడగాలి. వచ్చిన జవాబును ఆ రోజే మెయిల్‌లో పెట్టాలి. మాటగా వదిలేస్తే రేపు ఎవరికీ గుర్తుండదు.

తిండి సయించకపోయినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఇవేవీ చూడకండి. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యండి, డాక్టరుకు చూపించి సెలవు పెట్టించండి.

నెలలో మార్పు రాకపోతే వేరే ఉద్యోగం వెతకాల్సిందే. చెప్పాపెట్టకుండా మానేస్తే మాత్రం రిలీవింగ్ లెటర్ (పద్ధతిగా మానేశారని కంపెనీ ఇచ్చే కాగితం) చిక్కుల్లో పడుతుంది. తర్వాతి కంపెనీ అడిగేది ముందు దాన్నే. ప్రొబేషన్‌లో నోటీసు ఎన్నాళ్లో, బాండ్ ఉందో లేదో ఆఫర్ లెటర్‌లో చూడండి. పే స్లిప్పులు, పీఎఫ్ ఖాతాకు సంబంధించిన యూఏఎన్ నంబరు ముందే దాచుకోవాలి. కొత్త ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు తప్పక అడగమనండి: ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది? నేను సెలవులో ఉంటే నా పని ఎవరు చూస్తారు? రెండోదానికి నీళ్లు నమిలితే ఆ కంపెనీలో చేరొద్దు.