కలబాష్ కాయ గిన్నె ఎండాక ఎందుకు వంకరపోతుంది?

కలబాష్ చెట్టు కాయతో చేసిన గిన్నె ఆరేకొద్దీ అంచులు లోపలికి ముడుచుకుపోతున్నాయి, వార్నిష్ కొడితే ఆగుతుందా అని అడిగారు. ఆగదు. లోపం కాయ కోయడంలోనే ఉంది.

ఈ కాయ పూర్తిగా ఊరాక కూడా చాలాకాలం పచ్చగానే ఉంటుంది. సైజు చూసి తొందరపడి కోస్తే పెంకు ఇంకా లేతే, నీరు ఆరగానే ముడుచుకుంటుంది. ముదరడానికి ఆరేడు నెలలు పడుతుంది. గోరు గుచ్చి చూడండి. దిగితే వదిలేయండి. గోరు జారిపోయి, వేలితో కొడితే చెక్కలా మోగితే కోయండి.

చుట్టూ పెన్సిల్ గీత గీసి, సన్నపళ్ల రంపంతో కాయను తిప్పుతూ కోయాలి. కత్తితో నరికితే చీలిక ఎటు పోతుందో చెప్పలేం. గుజ్జు తీసేశాక చిప్పలను నీళ్లలో ముంచి అరగంట ఉడికించండి. లోపల అంటుకున్న నార మెత్తబడి, స్పూనుతో గీకితే వచ్చేస్తుంది. పైనున్న పచ్చటి తొక్క కూడా తడి మీదే చాకుతో గీకాలి, ఆరాక మొండికేస్తుంది. గుజ్జు గాలి తగిలితే నల్లబడుతుంది. ఎక్కడ మిగిలితే అక్కడ మచ్చ, తర్వాత బూజు. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. ఎర్రటి ఎండకు పెంకు ఒకవైపు ముందు ఆరి చిట్లుతుంది.

సొరబుర్రను చూపించి కలబాష్ చెట్టు కాయ అని చెప్పే వీడియోలతోనే సగం గిన్నెలు పాడవుతున్నాయి. సొరబుర్ర తీగకు కాస్తుంది, దాన్ని కాయపళంగా ఎండబెట్టి తర్వాత కోస్తారు. అదే పద్ధతి ఈ చెట్టు కాయకు వాడితే గుజ్జు లోపలే కుళ్లి పెంకుకు కరుచుకుంటుంది.

తాగే గిన్నెకు వార్నిష్ అసలు వద్దు, ఉత్త పెంకే చాలు. మెక్సికోలోని టబాస్కోలో పోజోల్ అనే మొక్కజొన్న పానీయం తాగేది ఇలాంటి చిప్పల్లోనే. మెరుపు కావాలంటే గ్వాటెమాలాలోని రబినాల్ పనివాళ్ల పద్ధతి చూడండి. ఒక రకం పొలుసు పురుగు నుంచి తీసిన కొవ్వును మసితో కలిపి రుద్దుతారు, నిగనిగలాడే నలుపు వస్తుంది.

మరాకా అనే గిలక్కాయ లాంటి వాయిద్యానికైతే చిన్న గుండ్రటి కాయ కావాలి. ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేసి వంచిన ఇనుప తీగతో గుజ్జు లాగండి. నీళ్లు, గులకరాళ్లు వేసి ఊపితే మిగిలింది ఊడుతుంది. లోపల పూర్తిగా ఆరాకే మెట్టతామర గింజలు పోసి కర్ర దిగ్గొట్టాలి. తడి ఉంటే గింజలు అంటుకుని చప్పుడు చచ్చిపోతుంది.

చెట్టు పూసినా కాయ నిలవకపోతే ఎరువులు గుమ్మరించకండి. పువ్వులు రాత్రిపూట విచ్చుకుంటాయి, పరాగం మోసేది గబ్బిలాలు. అవి రానిచోట చీకటి పడ్డాక బ్రష్‌తో పుప్పొడి అద్దాలి.