కొండ కింద పెరిత మొక్క: అమ్మవచ్చా, పీకవచ్చా?

అడవి, చట్టం: పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ జవాబులు

ప్రశ్న: సార్, మాది రైల్వే కోడూరు దగ్గర పల్లె. శేషాచలం కొండను ఆనుకుని మాకు మామిడితోట ఉంది, పట్టా భూమి. గట్టు మీద రాళ్ళ మధ్య ఈత మొక్కల్లాంటివి నాలుగైదు ఉన్నాయి. మా నాయన వాటిని పెరిత అనేవాడు. ఈమధ్య ఒకాయన వచ్చి, మొక్క నడిబొడ్డున వచ్చే మగ పువ్వు కోసిస్తే డబ్బులిస్తానన్నాడు. ఇంకొకాయన మొక్కలనే వేర్లతో సహా అడిగాడు, బంగళా ముందు నాటుకుంటాడట. అమ్మితే తప్పా? ఫారెస్టువాళ్ళకు చెబితే భూమికి ఎసరొస్తుందని భయంగా ఉంది.
– మామిడి రైతు

జవాబు: అమ్మకండి. పువ్వు గానీ, మొక్క గానీ, ఎండిన ముక్క గానీ ఎవరికీ ఇవ్వకండి. ఊరికే ఇచ్చినా నేరమే.

మీ గట్టు మీద ఉన్నది నిజంగా పెరితే అయితే, శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలు తప్ప లోకంలో ఇంకెక్కడా అది తనంతట తాను మొలవదు. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీశాఖ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ పేరు మీద శాస్త్రజ్ఞులు దాన్ని సైకస్ బెడ్డోమై అంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. మొక్కల కోసం అందులో 1991లో ఒక అధ్యాయం చేర్చి, దేశం మొత్తం మీద ఆరు పేర్లు రాశారు. ఈశాన్యంలోని కీటకాహారి మొక్క, నీలి వాండా, ఎర్ర వాండా ఆర్కిడ్లు వంటి వాటి సరసన మన పెరిత ఉంది. అప్పట్లో అది ఆరో షెడ్యూలు. 2022 సవరణ తర్వాత మొక్కల జాబితా మూడో షెడ్యూలైంది. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోనూ పెరిత మొదటి అనుబంధంలో ఉంది. ఎర్రచందనం ఉన్నది రెండో అనుబంధంలోనే. అంటే వ్యాపారం విషయంలో ఎర్రచందనం కంటే పెరితకే కట్టుదిట్టం ఎక్కువ. మా శాఖలో చేరిన కుర్రవాళ్ళకు ఈ మాట చెబితే నమ్మేవారు కాదు.

వన్యప్రాణి చట్టంలో మొక్కల గురించి చెప్పే 17ఎ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. కోయడం, పెకలించడం, పాడుచేయడం అడవి భూమిలోనూ, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించిన చోట్లా నిషేధం. దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, అమ్మకానికి చూపడం, దానంగా ఇవ్వడం, రవాణా చేయడం అనే రెండో భాగానికి మాత్రం అడవి, పట్టా అన్న తేడా లేదు. కాబట్టి ‘నా గట్టు, నా మొక్క’ అన్న వాదన అమ్మకం దగ్గర నిలవదు. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ దగ్గర కొనేవాడు మారుపేరుతో వస్తాడు, ఫోను మారుస్తాడు. దొరికేది మీరే.

మగ పువ్వు ఒక్కటి కోస్తే ఏమవుతుందని మీకనిపించవచ్చు. పెరితలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. బలం మందుకని మగవాటిని ఏటా కోసుకుపోతే పక్కనున్న ఆడ మొక్కకు పుప్పొడి అందదు, గింజ కట్టదు. నేను బాలపల్లె వైపు పనిచేసిన రోజుల్లో వాలు మీద పెద్ద మొక్కలు కనబడేవి గానీ, వాటి కింద మోకాలెత్తు పిల్ల మొక్క కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. నిప్పుకు పెరిత భయపడదు. వేసవిలో బోదగడ్డి అంటుకుని బొగ్గులా మాడిన మొద్దు నుంచే లేత మట్టలు గొడుగులా లేస్తాయి. నేను కళ్ళారా చూశాను. జేసీబీ కిందపడితే మాత్రం మళ్ళీ లేవదు. మీ గట్టు చదును చేయించేటప్పుడు ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి.

భూమి గురించి బెంగ వద్దు. మొక్క ఉందని పట్టా భూమి తీసుకునే అధికారం ఆ చట్టంలోని మొక్కల అధ్యాయంలో ఎక్కడా లేదు. చట్టం ప్రభుత్వపరం చేసేది నేరం జరిగిన మొక్కనూ, దాని భాగాలనూ. మీరు చేయాల్సింది ఒక్కటే: ‘ఈ సర్వే నంబరు గట్టు మీద ఈ మొక్కలు వాటంతటవే మొలిచి ఉన్నాయి, నేను నాటలేదు, అమ్మను’ అని ఫొటోలు జతచేసి డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసరుకు (డీఎఫ్‌ఓ) అర్జీ ఇవ్వండి. ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోండి. రేపు ఎవడైనా రాత్రిపూట తవ్వుకుపోయినా ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది. గింజలు రాలితే మొలకలు పోసి పెంచాలని ముచ్చటపడకండి, సాగుకు కూడా లైసెన్సు కావాలి. రాలినచోటే వదిలేయండి.

ఇక బంగళా ఆయనకు నర్సరీ దారి చూపించండి. అక్కడ సైకస్ పేరుతో కుండీల్లో దొరికేది జపాన్ జాతి, ఇంటిముందు అందంగానే ఉంటుంది. కొండ మీద ముదిరిన పెరితను వేర్లు తెగ్గొట్టి తెస్తే బతకడం కష్టం.

ప్రశ్న: మేము యానాదులం సార్. మా అవ్వ అడవికి పోయి గడ్డలు, తేనె తెస్తుంది. వెనుక కరువు రోజుల్లో పెరిత మొద్దు లోపలి మెత్తని దవ్వ కూడా దంచి తిన్నామంటుంది. ఆమె ఇప్పుడు ఒక ముక్క తెచ్చుకుంటే కేసు పెడతారా?
– డ్రైవరుగా పనిచేస్తున్న యువకుడు

జవాబు: నాయనా, మీ అవ్వలాంటి వాళ్ళ కోసమే పైన చెప్పిన 17ఎ సెక్షన్ కింద ఒక మినహాయింపు రాశారు. షెడ్యూల్డ్ తెగల వారు తాము నివసించే జిల్లాలో, సొంత వాడకానికి కోసుకోవచ్చు, దగ్గర పెట్టుకోవచ్చు. ఎవరైనా అడ్డుకుంటే 17ఎ మినహాయింపు అని పేరుపెట్టి చెప్పు.

అయితే దానికి హద్దులున్నాయి. అభయారణ్యం, నేషనల్ పార్కు లోపల వాటి నిబంధనలే చెల్లుతాయి. శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు 1989 నుంచి ఉంది, దాని హద్దురాళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకో. అమ్మకానికి ఈ మినహాయింపు వర్తించదు. ఇంకొకటి నన్ను చాలా బాధపెడుతుంది. చట్టం ‘జిల్లా’ అంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఒకే కొండ వేర్వేరు జిల్లాలకు పంచబడింది. మీ అవ్వ తాతల నాటి నుంచి నడిచిన దారి ఇవాళ జిల్లా గీత దాటుతుండవచ్చు. గిరిజనుల హక్కును కొండను బట్టి నిర్ణయించాలి గానీ కలెక్టరేటును బట్టి కాదని నా గట్టి నమ్మకం. అది మారేదాకా మీ ఊరు ఏ జిల్లాలో ఉందో, ఆమె వెళ్ళే చోటు ఏ జిల్లాలోకి వస్తుందో చూసుకోండి. మొద్దు నరికితే మొక్క చస్తుంది, ఆ విషయం నాకంటే మీ అవ్వకే బాగా తెలుసు.

ప్రశ్న: బీఎస్సీ బోటనీ ప్రాజెక్టు కోసం పెరిత మట్ట ఒకటి హెర్బేరియంకు (ఎండబెట్టిన మొక్కల నమూనాల సేకరణకు) తీసుకోవచ్చా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: అనుమతి లేకుండా వద్దమ్మా. అదే వన్యప్రాణి చట్టం 17బి సెక్షన్ కింద చదువుకు, పరిశోధనకు, శాస్త్రీయ సంస్థల హెర్బేరియంకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వవచ్చు. దరఖాస్తు మీ కాలేజీ ద్వారా పంపించు. ఈలోగా తిరుపతిలోనే మీ యూనివర్సిటీ హెర్బేరియంలో పాత నమూనాలుంటే చూపించమని అడుగు, ప్రాజెక్టుకు అవి చాలా ఉపయోగపడతాయి.

ప్రశ్న: మా పంచాయతీలో కొండ మొదట్లో ఉన్న బంజరు మీదుగా రోడ్డు వేస్తామంటున్నారు. అక్కడ తెల్లకరక, మొగి, కొండ సాంబ్రాణి చెట్లున్నాయి. పెరితకున్న చట్టం వీటికీ ఉందా?
– వార్డు సభ్యురాలు

జవాబు: 1991లో రాసిన ఆరు పేర్లలో ఇవి లేవమ్మా. ఈ కొండలకే ప్రత్యేకమైన చెట్లు ఇన్ని ఉండగా ఒక్క పెరితతో సరిపెట్టడం అన్యాయమని సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. రిజర్వు అడవిలో ఉంటే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వాటిని కాపాడుతుంది. అక్కడ నేలకున్న రక్షణే చెట్టుకూ దక్కుతుంది. అడవి గీత దాటి మీ బంజరులోకి వచ్చిన చెట్టుకు ఆ నీడ ఉండదు. కొండ మొదలు దగ్గర మనం పోగొట్టుకుంటున్నది ఎక్కువగా ఇలాంటి చోట్లే.

మీ చేతిలో ఒక ఆయుధం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. రేపే పంచాయతీ కార్యదర్శిని ఆ రిజిస్టరు చూపించమని అడగండి. చాలాచోట్ల అది బీరువాలో ఉంటుంది, ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. మీ బంజరు అందులో లేకపోతే మేకల కాపర్లను, మందుల వైద్యులను కూర్చోబెట్టి ఏ చెట్టు ఎక్కడుందో రాయించండి. కొండ సాంబ్రాణికి బంక కోసం గాట్లు పెడుతుంటే అదీ రాయండి. తర్వాత గ్రామసభలో తీర్మానం చేసి, రోడ్డును పక్కకు జరపమని కోరుతూ రోడ్డు వేసే శాఖకూ, రాష్ట్ర జీవవైవిధ్య మండలికీ పంపండి. అదే చట్టంలోని 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. మీ తీర్మానంలో ఆ కోరిక కూడా చేర్చండి. టెండరు ఖరారయ్యాక అడిగితే వినేవారు తక్కువ, కాబట్టి ఈ గ్రామసభలోనే పెట్టండి.